లోపలి గడియ

హోక్వియంలో ఆ మంగళవారం కూడా వానే.
చెక్కమిల్లు మూతపడ్డాక ఈ ఊళ్లో
నాగా లేకుండా పనికొస్తున్నది అదొక్కటే.

నా సంచిలో టేపు, టార్చి, థర్మామీటరు,
పదకొండు పేజీల ఫారం.
పోయినేడు దాకా అది రెండు పేజీలే.

మార్లిస్ ట్వీట్ తలుపు తీసింది.
డెబ్బై ఒకటో ఏడు.
ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపిన చేతులు.
"మళ్లీ ఏం కొలుస్తావయ్యా,
గది పోయినసారి ఉన్నంతే ఉంది.
నేనే కాస్త కుంచించుకుపోయాను."

కిటికీ ఇరవై అంగుళాలు. సరే.
మంటొస్తే ఒక మనిషి పట్టేంత.
పొగగంట నొక్కాను, కుక్క మంచం కిందికి దూరింది.
కుళాయి వేడి నూట పద్దెనిమిది. సరే.
మందుల పెట్టెకి తాళం. సరే.
మోకాళ్ల మాత్ర కావాలంటే ఇప్పుడామె
మెళ్లో తాళంచెవి తడుముకోవాలి.
"నా ఇంట్లో నేనే దొంగనయ్యాను" అంది నవ్వుతూ.
నవ్వులో పంటికింద రాయి.

ఆమె వేలిముద్రలు ఒలింపియా వెళ్లి
తిరిగిరావడానికి ఆరు వారాలు పట్టింది.
ఆ ఆరు వారాలూ ఈ మంచం మీద దుప్పటి మడత విప్పలేదు.
ఆ ఆరు వారాలూ డెలీనా
లాండ్రీ దుకాణంలో డ్రయ్యర్లకి వీపు ఆనించి,
ఎవరిదో కారు వెనకసీట్లో మోకాళ్లు మడుచుకుని.
ఒక సంతకం ఆలస్యమైతే
మనిషి ఎంత తడుస్తుందో
రాసుకునే గడి నా ఫారంలో లేదు.

ఆ పిల్ల ఇప్పుడు నా వెనకే తిరుగుతోంది.
పదిహేడేళ్లు. అరచేతులు స్వెట్టర్ లోపలికి లాక్కుని
టార్చి పడ్డచోటల్లా తనూ చూస్తోంది.
నేను పెట్టే ప్రతి టిక్కునీ
తల పక్కకి వంచి చదువుతోంది.

"ఒక్క మంచానికి ఇన్ని కాగితాలా?
ఆకలన్నవాడికి వడ్డించేప్పుడు
గరిటె కొలతలు అడుగుతామా?" అంది మార్లిస్.
నాకు జవాబు తోచలేదు.
ఆ మాటే నేనూ ఇంటికెళ్లి నా భార్యతో అంటుంటాను.

డెలీనా కుక్కతో చెబుతున్నట్టు, మెల్లగా:
"తలుపు గడియ చూళ్లేదు మీరు."

చూశానమ్మా. పదో పేజీ. ఉంది.

"ఉండటం కాదు.
మీరు బయట నిలబడండి. నేను లోపల వేస్తాను.
తొయ్యండి.
అలా కాదు,
తాగొచ్చినవాడు తోసినట్టు."

మార్లిస్ చేతిలో టీ కప్పు దారిలోనే ఆగిపోయింది.

భుజం పెట్టి తోశాను.
గడియ కదల్లేదు.
లోపల్నించి చిన్న గొంతు: "ఇంకోసారి."
తోశాను.
"ఇంకోసారి."

ఇంతకుముందు ఆమెని ఉంచిన ఇంటికి
రెండు పేజీలు సరిపోయాయి.
చాలా మంచివాళ్లని ఊరంతా చెప్పింది.
టేపు పట్టుకుని ఎవరూ వెళ్లలేదు.

మార్లిస్ కప్పు కింద పెట్టింది.
"నువ్వు తప్పుకో" అంది నాతో.
మోకాళ్లని తిట్టుకుంటూ వచ్చి
తన ఇంటి తలుపుని
తనే, రెండు చేతులతో,
బస్సు బురదలో దిగబడితే నెట్టినట్టు నెట్టింది.
ఆయాసం వచ్చేదాకా.
"నా వల్ల కాలేదే పిల్లా" అంది తలుపుతో.

లోపల చాలాసేపు ఏమీ వినపడలేదు.

ఆఖరి పేజీ: గడువు తొంభై రోజులు.
గడప దాటనిచ్చే కాగితమే
ఎప్పుడు దాటిపోవాలో కూడా చెబుతుంది.
తొంభై ఒకటో రోజు ఎక్కడికి అని మార్లిస్ అడిగింది.
దానికింకా పేజీ వెయ్యలేదు.
వేస్తారా అంటే, రాసి పంపుతానన్నాను.
రాస్తాను.

సంతకం పెట్టి వానలోకి దిగాక గుర్తొచ్చింది,
టార్చి ఆ గదిలోనే మర్చిపోయానని.
వెనక్కి తిరిగాను.
మెట్ల దాకా వెళ్లాను.
అప్పుడే లోపల గడియ పడ్డ చప్పుడు,
ఎవరూ తొయ్యమనకుండా, ఊరికే.

తట్టబుద్ధి కాలేదు.